చిన్న షాపుల్లో గిటార్ వాయించి చూడనివ్వకపోతే ఎట్లా కొనాలండీ?

ఉప్పల్_నాన్న
మా అమ్మాయి ఎనిమిదో తరగతి. స్కూల్లో ఫ్రెండ్ గిటార్ మీద నేర్చుకుంటోంది, సొంతంగా ఒకటి కొనిపెడదామనుకున్నా. ఆన్‌లైన్‌లో అయితే చేత్తో పట్టుకుని చూడలేం కదా అని సిటీలో ఒక పాత షాపుకి తీసుకెళ్ళా. చిన్న షాపే, ఎన్నో ఏళ్ళుగా ఉందని అందరూ చెప్పారు. గోడకి వేలాడుతున్న గిటార్ ఒకటి దింపమంటే ఆయన ముందు అడిగిన మాట "కొంటారా, ఊరికే చూస్తారా". కొంటామనే వచ్చాం సార్ అంటే దింపాడు గానీ అమ్మాయి చేతికివ్వలేదు, తనే ఒకసారి మీటి మళ్ళీ కొక్కేనికి తగిలించాడు. శ్రుతిలో కూడా లేదు. గట్టిగా అడిగితే అప్పుడిచ్చాడు. రెండు కార్డులు (కొన్ని తీగలు కలిపి నొక్కే పట్లు) పట్టేసరికే వేళ్ళు నొప్పెడుతున్నాయి నాన్నా అంది. తీగలు చూస్తే నెక్‌కి చాలా ఎత్తులో ఉన్నాయి. ఎత్తు తగ్గించి ఇస్తారా అంటే "కొత్తది ఇట్లాగే ఉంటుంది, వాయించగా వాయించగా అదే కిందికి దిగుతుంది, పిల్ల చేతులు కదా అలవాటవ్వాలి" అన్నాడు. పైగా "సరుకు వాపసు తీసుకోబడదు" అని బోర్డు. కొనకుండా వచ్చేశాం. పిల్ల మొహం చూస్తే నాకే బాధేసింది. పదివేలు పైన పెట్టి కొనేవాళ్ళతో మాట్లాడే పద్ధతేనా ఇది? ఆయన చెప్పిన తీగల సంగతి నిజమేనా? అసలు గిటార్ షాపుకి వెళ్ళినప్పుడు ఏమేం అడగొచ్చు, ఏమేం అడగకూడదు?

బేస్_బాబాయ్
కొనకుండా బయటికొచ్చావు చూడు, అదే సగం మేలు.

కరీంనగర్_పోరడు
గా ముచ్చట నిజమే అన్న. నేను డిగ్రీల ఉన్నప్పుడు హైదరాబాద్‌ల ఒక షాపుకు పోయిన, జేబుల పైసలు వెట్టుకొనే పోయిన, అయినా గిటార్ ముట్టనియ్యలే. అదే రోజు పక్క గల్లీల ఇంకో చిన్న దుకాణంల పెద్దాయన స్టూల్ ఏసి కూసోవెట్టి "వాయించు బిడ్డా, నీకు మంచిగనిపిస్తేనే పైసల ముచ్చట" అన్నడు. ఇప్పటికీ తీగలు గాడనే కొంట. మా దోస్తులందర్ని గాడికే తోల్కపోయిన. చిన్న షాపులన్నీ ఒక్కతీరు ఉండయి అన్న, ఒక్క షాపు చూసి మనసు ఇరగ్గొట్టుకోకు.

రాత్రి_రిఫ్
ఏ షాపు అది, కోఠీనా సికింద్రాబాదా? పేరు చెప్పేయండి, మిగతావాళ్ళు జాగ్రత్తపడతారు

అడ్మిన్
షాపుల పేర్లు పెట్టి తిట్టొద్దు. మంచి అనుభవమైతే ఊరూ వీధీ రాసుకోండి, చెడ్డదైతే జరిగింది మాత్రం రాయండి. పేరు అడిగే పోస్టులు తీసేస్తాను.

బెజవాడ_గిటార్_మాస్టారు
వాయించగా తీగలు కిందికి దిగుతాయన్నది పూర్తిగా తప్పండి. జరిగేది దానికి తిరగబడి. మామూలు లైట్ సెట్ స్టీల్ తీగలు ఆరూ కలిపి బ్రిడ్జిని (పైపలక మీద తీగల కొసలు బిగించే చెక్కని) లాగే బలం 70 కిలోలు దాటుతుంది. ఆ లాగుడు రాత్రీ పగలూ ఉంటుంది కాబట్టి ఏళ్ళు గడిచేకొద్దీ పైపలక బ్రిడ్జి వెనక కాస్త ఉబ్బుతుంది, నెక్ కాస్త ముందుకి వంగుతుంది, తీగల ఎత్తు పెరుగుతుందే తప్ప తగ్గదు. మీ అమ్మాయికి నొప్పెట్టింది వేళ్ళు మెత్తనివని కాదు, ఆ గిటార్‌కి సెటప్ (తీగల ఎత్తూ నెక్ వంపూ సరిచెయ్యడం) చెయ్యలేదని. వేలికొసలు గట్టిపడేదాకా కొంచెం మంట ఉంటుంది నిజమే, కానీ కార్డు పట్టగానే చెయ్యి వెనక్కి తీసుకునేంత నొప్పి ఉండకూడదు.

షాపులో మీరే చూసుకోవచ్చు. పిల్లల స్కేలు ఒకటి జేబులో పెట్టుకెళ్ళండి. 12వ ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్టు) దగ్గర, ఫ్రెట్ పైభాగం నుంచి తీగ అడుగు దాకా ఎంతుందో చూడండి. లావు తీగకి రెండున్నర మిల్లీమీటర్లు, సన్న తీగకి రెండు లేదా అంతకంటే కాస్త తక్కువ ఉంటే హాయిగా వాయించొచ్చు. నాలుగు ఉందంటే ఆ గిటార్ ఫ్యాక్టరీ నుంచి వచ్చింది వచ్చినట్టే గోడకెక్కిందని అర్థం. తర్వాత 3వ ఫ్రెట్ దగ్గర తీగ నొక్కి పట్టి 1వ ఫ్రెట్ మీద చూడండి, అక్కడ వెంట్రుకంత సందు ఉంటే చాలు. ఎక్కువుంటే నట్టు (నెక్ పైకొసన తీగలు కూర్చునే గాళ్ళ ముక్క) గాళ్ళు లోతు చాలలేదన్నమాట. చాలామంది పిల్లలు ఎఫ్ కార్డు దగ్గర గిటార్ మానేసేది దీనివల్లే. మా క్లాసులో నేను కొత్త పిల్లల గిటార్ మొదట ఇదే చూస్తాను, తర్వాతే పాఠం.

ఆన్‌లైన్_ఆనందం
ఇంత తలనొప్పి ఎందుకండీ, ఆన్‌లైన్‌లో పెడితే రెండ్రోజుల్లో ఇంటికొస్తుంది, నచ్చకపోతే తిప్పి పంపొచ్చు, ఎవడి మొహమూ చూడక్కర్లేదు

బేస్_బాబాయ్
@ఆన్‌లైన్_ఆనందం తిప్పి పంపితే ఇంకోటొస్తుంది, అదీ నాలుగు మిల్లీమీటర్లే ఉంటుంది. దాని శాడిల్ (బ్రిడ్జిలో తీగలు ఆనే తెల్ల ముక్క) ఎవరు అరగదీస్తారు, డెలివరీ కుర్రాడా?

షాపు_కౌంటర్_వెనక
నేను కోస్తాలో ఒక జిల్లా కేంద్రంలో వాద్యాల షాపు నడుపుతాను, మా నాన్నగారి కాలం నుంచీ. హార్మోనియం, తబలా, డోలక్, ఇప్పుడు గిటార్లూ కీబోర్డులూ ఎక్కువ. ఉప్పల్ సార్, మీతో ఆయన మాట్లాడిన తీరు తప్పే, సమర్థించను. కానీ మా వైపు సంగతి కూడా ఒకటి చెప్తా, కోపం తెచ్చుకోవద్దు. సెలవుల్లో రోజూ కుర్రాళ్ళు గుంపులుగా వస్తారు, ఏసీలో కూర్చుని ఉన్నవన్నీ దింపించి వాయిస్తారు, మోడల్ నంబరు ఫోటో తీసుకుంటారు, మా ముందే ఆన్‌లైన్ రేటు చూపించి దీనికంటే తక్కువకిస్తావా అంటారు, ఇవ్వలేనంటే వెళ్ళిపోతారు. చెమట చేతులతో వాయించిన తీగలు మా ఊరి ఉప్పుగాలికి వారం తిరక్కుండా తుప్పు పడతాయి, అవి మార్చేది నేనే. బెల్టు బకిల్‌తో వెనక గీత పడిందంటే ఆ గిటార్ తర్వాత వచ్చినవాడికి పాతదాని లెక్కే. ఇవన్నీ పడీ పడీ కొందరు షాపువాళ్ళు వచ్చిన ప్రతివాడినీ అనుమానంగా చూడ్డం మొదలెట్టారు.

నేను చేసే పని చెప్తా. వాయించడానికి విడిగా రెండు మూడు గిటార్లు బయట పెట్టా, ఎవరైనా ఎంతసేపైనా వాయించుకోవచ్చు. కొత్తవి కావాలంటే బెల్టూ వాచీ తీసి కూర్చోమంటా, శ్రుతి చేసి చేతికిస్తా. అమ్మిన ప్రతి గిటార్‌కీ సెటప్ చేసే ఇస్తా, దానికి వేరే డబ్బు లేదు. ఆన్‌లైన్ రేటుకి ఇవ్వలేను, ఆ మాట ముందే చెప్పేస్తా. అద్దె ఉంది, కుర్రాడి జీతం ఉంది.

గిటార్_అక్క
షాపు_కౌంటర్_వెనక గారూ, మీరు చెప్పిన గుంపుల సంగతి ఒప్పుకుంటా, కానీ అనుమానం అందరి మీదా ఒకేలా ఉండదండీ. నేను చాలా ఏళ్ళుగా వాయిస్తున్నా, చర్చి క్వయర్‌లో లీడ్ నాదే. తమ్ముడిని తోడు తీసుకుని షాపుకెళ్తే వాడి వైపు తిరిగే మాట్లాడతారు, "బడ్జెట్ ఎంత సార్" అని. వాడికి సి కార్డు కూడా రాదు. పికప్ (గిటార్ శబ్దాన్ని ఆంప్లిఫయర్‌కి పంపే పరికరం) గురించి నేనడిగితే జవాబు వాడికి చెప్తారు. ఒక షాపులో అయితే నేను గిటార్ అందుకోబోతే "మేడం అది బరువుగా ఉంటుంది, మీకు పింక్ కలర్ ఉకులేలే చూపిస్తా" అన్నారు, అంటే నాలుగు తీగల బుల్లి వాద్యం. ఆ షాపుకి మళ్ళీ వెళ్ళలేదు. మా చర్చికి ఆ ఏడాది గిటార్లూ ఆంప్లిఫయరూ మైకులూ అన్నీ కొన్నది నేనే, వేరే షాపులో.

ఉప్పల్ నాన్న గారూ, మీ అమ్మాయిని అడిగి మాట్లాడే షాపులోనే కొనండి. పదమూడేళ్ళ పిల్లకి ఆ మర్యాద జీవితమంతా గుర్తుంటుంది.

షాపు_కౌంటర్_వెనక
అక్కా, మీరు చెప్పింది నిజం. మా కౌంటర్‌లో కుర్రాడికి ఈ పోస్టు చదివి వినిపించా. డిసెంబర్ వచ్చిందంటే మా షాపు నడిచేది చర్చిల ఆర్డర్ల మీదే, అందులో సగం మంది అక్కలే వచ్చి ఎంచుకుంటారు.

కరీంనగర్_పోరడు
అక్క పింక్ ఉకులేలే ముచ్చట సదివి మస్తు కోపమొచ్చింది నాకు. గసొంటోనికి పైసలు ఇయ్యకపోవుడే కరెక్ట్.

ఎడమచేతి_వాటం
నాది ఇంకో రకం బాధ. లెఫ్ట్ హ్యాండ్ గిటార్ ఉందా అంటే ఎక్కడికెళ్ళినా ఒకటే మాట, "తీగలు తిప్పి వేసిస్తాం, అదే లెఫ్ట్ అవుతుంది". ఒక షాపులో నమ్మి వేయించుకున్నా. లావు తీగ సన్న గాడిలో కూర్చోదు, సన్న తీగ పెద్ద గాడిలో అటూ ఇటూ కొట్టుకుని జీరపోతుంది. శాడిల్ వాలు కూడా కుడిచేతి లెక్కకే ఉంటుంది కదా, పైకి వెళ్ళేకొద్దీ శ్రుతి తప్పుతుంది. మళ్ళీ ఆ షాపుకెళ్ళి చెప్తే రాక్ గిటారిస్ట్ జిమీ హెండ్రిక్స్ అట్లాగే వాయించాడు కదా అన్నారు!

బెజవాడ_గిటార్_మాస్టారు
@ఎడమచేతి_వాటం హెండ్రిక్స్ తిరగేసి వాయించింది ఎలక్ట్రిక్ గిటార్. దాంట్లో ఒక్కో తీగకీ బ్రిడ్జి దగ్గర విడిగా శాడిల్ ఉంటుంది, స్క్రూతో ముందుకీ వెనక్కీ జరపొచ్చు. అకూస్టిక్‌లో శాడిల్ ఒకే ముక్క, ఏటవాలుగా తొలిచిన గాడిలో ఉంటుంది. లోపల పైపలక కింద కట్టే పుల్లలు కూడా రెండు వైపులా ఒకేలా ఉండవు. నట్టు కొత్తది చేయించుకోవచ్చు గానీ శాడిల్ గాడి పూడ్చి మళ్ళీ తొలిపించడం ఖర్చుతో కూడిన పని. అసలు లెఫ్ట్ హ్యాండ్‌ది తెప్పించి ఇమ్మని అడ్వాన్స్ ఇవ్వండి, మంచి షాపువాళ్ళు డిస్ట్రిబ్యూటర్ దగ్గర్నుంచి తెప్పిస్తారు. కొంచెం ఆగాలి, అంతే.

రాత్రి_రిఫ్
నేను పోయినేడాది కొన్న గిటార్ బ్రిడ్జి వెనకవైపు లేచింది, కొని నెల కూడా కాలేదు అప్పటికి. విజిటింగ్ కార్డు దూరేంత సందు. షాపుకి తీసుకెళ్తే ఎండలో పెట్టుంటావ్ నీదే తప్పు అన్నారు, బిల్లు చూపిస్తే దాని మీద వాపసు లేదని ముద్ర ఉంది చూడు అన్నారు. అప్పటికి నోరు మూసుకుని వచ్చేశా. ఇట్లాంటప్పుడు ఏం చెయ్యగలం?

లా_చదివిన_అమ్మాయి
@రాత్రి_రిఫ్ ఆ ముద్ర చూసి భయపడక్కర్లేదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019, ఇది 2020 జూలై 20 నుంచి అమల్లో ఉంది. అందులో సెక్షన్ 2(47) చూడండి. లోపం ఉన్న వస్తువుని బిల్లులో రాసిన గడువులోపు, బిల్లులో గడువేమీ లేకపోతే 30 రోజుల్లోపు వెనక్కి తీసుకుని డబ్బు తిరిగివ్వడానికి ఒప్పుకోకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి కిందికే వస్తుంది. అసలు బిల్లు ఇవ్వకపోవడం కూడా అందులోనే ఉంది. ముందు షాపుకి రాతపూర్వకంగా చెప్పండి, వాట్సాప్ అయినా సరే, ఫోటోలతో, తేదీతో. తర్వాత 1915కి ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌వాళ్ళు షాపుతో మాట్లాడతారు, చాలావరకు అక్కడే తేలిపోతుంది. తేలకపోతే జిల్లా కమిషన్, 5 లక్షల లోపు కేసుకి ఫీజు కూడా లేదు, మీరే వాదించుకోవచ్చు.

ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఇది లోపం ఉన్నదానికే. ఇంటికెళ్ళాక రంగు నచ్చలేదు, పెద్దదైపోయింది అంటే షాపువాళ్ళు తీసుకోవాలని చట్టం చెప్పట్లేదు, అది వాళ్ళ మంచితనం.

రాత్రి_రిఫ్
ఈ సంగతి అప్పుడే తెలిసుంటే! బిల్లు దాచా, ఫోటోలు కూడా ఉన్నాయి, ఫోన్ చేస్తా

షాపు_కౌంటర్_వెనక
లా చదివిన అమ్మాయి చెప్పింది ప్రతి షాపువాడూ చదవాలి. బ్రిడ్జి లేస్తే నేను కంపెనీకి వాపసు పంపి కస్టమర్‌కి ఇంకోటి ఇస్తా. కంపెనీవాళ్ళు నాకు తిరిగిచ్చేసరికి ఆలస్యమవుతుంది, ఒక్కోసారి ఇవ్వరు కూడా. అయినా కస్టమర్ ఆ బాధ పడకూడదు, ఆయన డబ్బు తీసుకుంది నేను.

డాలస్_మామ
అందరూ ఇక్కడి సంగతి చెప్తున్నారు కాబట్టి అక్కడిది ఒకటి చెప్తా. మిషిగన్‌లో లాన్సింగ్ అనే ఊళ్ళో ఎల్డర్లీ ఇన్‌స్ట్రుమెంట్స్ అని ఇండిపెండెంట్ షాపు ఉంది, 1972 నుంచి ఉంది. బ్యాంజోలూ మాండలిన్లూ పాత గిటార్లూ, రిపేర్ షాపు కూడా వాళ్ళదే. ఉద్యోగం మీద ఆ వైపు వెళ్ళినప్పుడు ఒక పాత మార్టిన్ కంపెనీ గిటార్ దింపమని అడగడానికే మొహమాటపడ్డా, దాని ఖరీదు నా కారంత ఉంది. అక్కడి అమ్మాయి దాన్ని శ్రుతి చేసి చేతికిచ్చి, తలుపేసి ఉన్న గది చూపించి "ఎంతసేపైనా కూర్చోండి" అని వెళ్ళిపోయింది. కొనలేదు. ఒక సెట్టు తీగలు కొన్నా. అదే నవ్వు మొహంతో బిల్లు చేసింది.

బేస్_బాబాయ్
మామ మళ్ళీ అమెరికా ఎక్కించాడు మనల్ని 🙂

డాలస్_మామ
అల్లుడూ, ఆ మర్యాద కరీంనగర్ తమ్ముడు చెప్పిన గల్లీలో పెద్దాయన దగ్గరా ఉంది కదా, అదే నేననేది. ఆ పాత మార్టిన్ వీపూ పక్కలూ మన దేశపు రోజ్‌వుడ్డే, తెలుసా? బ్రెజిల్ దుంగల ఎగుమతి ఆపేశాక 1969 నుంచి మార్టిన్‌వాళ్ళు మామూలు రోజ్‌వుడ్ మోడళ్ళకి మన చెక్కే వాడుతున్నారు. చెక్క మనది, దాన్ని గౌరవంగా చేతికిచ్చే అలవాటు కూడా మన షాపుల్లో ఉండాలని నా ఆశ.

బొబ్బిలి_తంత్రి
చెక్కంటే గుర్తొచ్చింది. మాది బొబ్బిలి వైపు. గొల్లపల్లిలో వీణలు చేసేవాళ్ళ దగ్గర కూర్చుని పెరిగా. వీణకి 24 మెట్లు, అవి మైనంలో కూర్చుతారు. ఒక్కో మెట్టూ పెట్టి, తీగ మీటి, విని, వెంట్రుకవాసి జరిపి మళ్ళీ మీటి విని, అప్పుడు తర్వాతి మెట్టుకి వెళ్తారు. కొనేవాళ్ళు వస్తే పక్కన కూర్చోబెట్టి వాయించమంటారు, వాళ్ళ చేతిబరువు చూసి తీగ ఎత్తు సరిచేస్తారు. వాయించి చూడకుండా వీణ కొన్నవాళ్ళని నేను చూళ్ళేదు. గిటార్ ఫ్యాక్టరీలో చేసిందే కావచ్చు, చివరి మెట్టు పని మాత్రం షాపులోనే జరగాలి. అది చెయ్యని షాపుకీ గోడౌన్‌కీ తేడా ఏముంది?

బెజవాడ_గిటార్_మాస్టారు
బొబ్బిలి తంత్రి గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు. కొనేవాళ్ళ చేతిబరువు చూడ్డం, అదీ అసలు సెటప్ అంటే.

ఉప్పల్_నాన్న
అందరికీ నమస్కారం, ఇన్ని జవాబులొస్తాయనుకోలేదు. ఒకాయన మెసేజ్‌లో ఇంకో షాపు చెప్పారు, సికింద్రాబాద్ వైపు, రెండు గదుల షాపు. ఆదివారం వెళ్ళాం. ఆయన నన్ను పలకరించి వెంటనే అమ్మాయిని అడిగాడు, "ఏం పాటలు వాయిస్తావమ్మా, కూర్చుని వాయిస్తావా నిలబడా" అని. పెద్ద గిటార్ ఇచ్చి చూశాడు, భుజం పైకి లేస్తోందని తనే గమనించి కొంచెం చిన్న బాడీ ఉన్నది దింపాడు. ధర కూడా తక్కువే దానికి. మాస్టారు చెప్పినట్టు స్కేలు తీశా. ఆయన నవ్వి "మంచి పని చేశారు సార్" అని తన దగ్గరున్న స్టీల్ స్కేలుతో కొలిచి నాకు చూపించాడు, లావు తీగ దగ్గర మూడున్నర దాకా ఉంది. "ఇది కొంటానంటే ఇప్పుడే చేసిస్తా, కూర్చోండి" అన్నాడు.

తీగలు వదులు చేసి బ్రిడ్జిలోంచి ఆ తెల్ల ముక్క లాగాడు. దాని అడుగున పెన్సిల్‌తో గీత గీశాడు. అద్దం పలక మీద గరుకు కాగితం పరిచి దాని మీద ఆ ముక్కని నిలబెట్టి ఒకే వైపుకి రుద్దుతూ, మధ్యమధ్యలో ఎత్తి వెలుతురుకి పెట్టి గీత వంకర పోయిందేమో చూసుకుంటూ చేశాడు. ఒక మిల్లీమీటరు తగ్గాలంటే రెండు అరగదీయాలట, 12వ ఫ్రెట్ తీగకి సరిగ్గా మధ్యలో ఉంటుంది కాబట్టి. పిల్లకి ఆ లెక్క చెప్పాడు, అది స్కూల్లో చదివిన త్రిభుజాలేగా అంది. పెట్టి తీగలు బిగించి ఇచ్చాక అదే కార్డు పట్టింది, ఇంకోటి పట్టింది, ఇక వదల్లేదు. బిల్లు అడక్కుండానే ఇచ్చాడు, దాని మీద "నెల తర్వాత ఒకసారి తెచ్చి చూపించండి, డబ్బు లేదు" అని చేత్తో రాశాడు.

గిటార్_అక్క
హమ్మయ్య! అమ్మాయికి నా తరఫున కంగ్రాట్స్ చెప్పండి. "కూర్చుని వాయిస్తావా నిలబడా" అని అడిగాడు చూడండి, ఆ ఒక్క ప్రశ్నకే ఆయన దగ్గర కొనొచ్చు.

ఆన్‌లైన్_ఆనందం
సరే బాగుంది, కానీ నెట్‌లో కంటే ఎంత ఎక్కువ పడింది నిజం చెప్పండి

ఉప్పల్_నాన్న
@ఆన్‌లైన్_ఆనందం ఎనిమిది వందలు ఎక్కువ. ఒక కవరూ పిక్‌లూ ఊరికే ఇచ్చాడు.

కరీంనగర్_పోరడు
ఎనిమిది నూర్లల్ల శాడిల్ పని, నెల తర్వాత చూసుడు, బిడ్డ నవ్వు. లాభమే అన్న.

ఎడమచేతి_వాటం
ఉప్పల్ గారూ ఆ షాపు వివరం నాకు మెసేజ్ చేస్తారా, లెఫ్ట్ హ్యాండ్ తెప్పిస్తాడేమో అడుగుతా

షాపు_కౌంటర్_వెనక
@ఆన్‌లైన్_ఆనందం తమ్ముడూ, నీ దగ్గర నెట్‌లో కొన్న గిటార్ ఉంటే మా ఊరొచ్చినప్పుడు తీసుకురా, సెటప్ చేసిస్తా. మామూలుగా దానికి ఛార్జి తీసుకుంటా, తీగలు విడిగా. బయట కొన్నావని మొహం మాడ్చుకోను. రిపేర్‌కి వచ్చినవాడే రేపు తీగలకొస్తాడు, ఎల్లుండి వాళ్ళ తమ్ముడికి గిటార్ కొంటాడు.

ఆన్‌లైన్_ఆనందం
అది నచ్చిందండీ. నా దాంట్లో 5వ ఫ్రెట్ దగ్గర గరగర శబ్దం వస్తుంది ఎప్పట్నుంచో, వాల్యూమ్ పెంచి వాయిస్తా. ఏ ఊరో మెసేజ్ చెయ్యండి

బెజవాడ_గిటార్_మాస్టారు
@ఆన్‌లైన్_ఆనందం అది ఎండాకాలంలోనే మొదలైందా? గిటార్ కంపెనీలు గాలిలో తేమ 45 నుంచి 55 శాతం ఉండాలంటాయి. హైదరాబాద్ ఏప్రిల్ మే ఎండలకి అంతకంటే బాగా పడిపోతుంది, చెక్క ఎండిపోయి పైపలక దిగుతుంది, ఫ్రెట్ అంచులు బయటికి పొడుచుకొచ్చి చేతికి గీసుకుంటాయి. విశాఖ కాకినాడ వైపు దానికి తిరగబడి, తేమకి ఉబ్బుతుంది. అందుకే ఊళ్ళో ఉన్న షాపు మంచిదంటాను, ఆ ఊరి గాలి ఆయనకి తెలుసు.

ఉప్పల్_నాన్న
మాస్టారూ ఇంకొక్క ప్రశ్న. ఈ గిటార్ మీద ఇప్పుడున్న తీగలు 12 సైజు అన్నాడు. పిల్లకి సన్నవి వెయ్యొచ్చా? మా బావమరిది నైలాన్ తీగలు మెత్తగా ఉంటాయి అవి వేయించు అంటున్నాడు.

బెజవాడ_గిటార్_మాస్టారు
నైలాన్ వద్దండి, మీది స్టీల్ తీగల గిటార్, దాని మీద నైలాన్ సరిగ్గా పలకదు, ముడి కూర్చోదు. నైలాన్ తీగల క్లాసికల్ గిటార్‌కి స్టీల్ వెయ్యడం ఇంకా ప్రమాదం, ఆ బరువుకి బ్రిడ్జి ఊడొస్తుంది. మీరు 10-47 (సన్న తీగా లావు తీగా మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) ఎక్స్‌ట్రా లైట్ సెట్ అడగండి, శబ్దం కొంచెం సన్నబడుతుంది గానీ వేళ్ళకి చాలా సుఖం. చేతులు గట్టిపడ్డాక 11కి వెళ్ళొచ్చు. నెలకి చూపించమన్నాడుగా, అప్పుడే ఆయన చేతే వేయించండి. తీగల లాగుడు మారితే నెక్ వంపు కూడా కాస్త మారుతుంది, ఆయన ట్రస్ రాడ్ (నెక్ లోపలుండే లోహపు కడ్డీ) పావు తిప్పు తిప్పి సరిచేస్తాడు. ఆ రాడ్ మీరు మాత్రం తిప్పొద్దు.

గిటార్_అక్క
తీగలు షాపులోనే కొనండి, రోడ్డు మీద సగం ధరకి దొరికే ప్యాకెట్లలో నకిలీలు చాలా ఉన్నాయి. డాడారియో కంపెనీ తీగలైతే ప్యాకెట్‌లో ఉన్న కోడ్‌ని వాళ్ళ సైట్‌లో కొట్టి చూసుకోవచ్చు.

రాత్రి_రిఫ్
1915కి చేశా. కొని 30 రోజుల్లోపే షాపుకి తీసుకెళ్ళినట్టు ఆధారం ఉందా అని అడిగారు. ఆ రోజు షాపు బయట నిలబడి మా అన్నకి ఫోటో పెట్టా, తేదీతో సహా ఉంది. కంప్లయింట్ నంబరిచ్చారు.

లా_చదివిన_అమ్మాయి
@రాత్రి_రిఫ్ సూపర్. ఆ నంబరు జాగ్రత్త. షాపు నుంచి ఫోన్ వస్తే మాట్లాడింది మళ్ళీ మెసేజ్‌లో రాసి పంపండి వాళ్ళకి.

షాపు_కౌంటర్_వెనక
ఉప్పల్ సార్, నెలకి తీసుకెళ్ళేటప్పుడు ఒక మాట. గిటార్‌ని కారు డిక్కీలో పెట్టి ఎండలో ఆపి టిఫిన్‌కి వెళ్ళొద్దు. మూసిన కారులో వేడికి బ్రిడ్జి జిగురు మెత్తబడుతుంది, తీగల లాగుడు ఎటూ ఉంది, లేచిపోతుంది. వెనక సీట్లో పిల్ల పక్కన పెట్టండి, దిగితే గిటార్ కూడా దిగాలి.